టెలిస్కోపుకు పాసంగం
(కంప్యూటరు టెలిస్కోపు గురిని సాఫ్ట్‌వేరుతో సరిచేసే విధానం)

ఆకాశంలో ఒక నక్షత్రం ఎక్కడుందో తెలియడం వేరు, టెలిస్కోపును సరిగ్గా దాని మీదికి తిప్పడం వేరు. మొదటిది పుస్తకాల పని. రెండవది ఇనుము, గేర్లు, మోటార్లు, గాలి, మంచు అన్నీ కలిసిన పని. ఇప్పుడు బజారులో దొరికే కంప్యూటరు టెలిస్కోపులు ఈ రెండు పనులూ తామే చేస్తామంటాయి. చేతిలో ఉండే బటన్ల పెట్టెలో వస్తువు పేరు ఎంచుకొని నొక్కితే చాలు, మోటార్లు తిరుగుతాయి, గొట్టం అటు వెళ్లి ఆగుతుంది. కాని కన్ను పెట్టి చూస్తే ఆ వస్తువు అక్కడ ఉండకపోవచ్చు. చాలామంది అక్కడే ఆగిపోయి "మిషను పాడైంది" అని తీర్పు చెప్పేస్తారు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. గురి తప్పే టెలిస్కోపు అంతమాత్రాన పాడైపోయిన టెలిస్కోపు కాదు. అది ప్రతి రాత్రీ ఒకే పద్ధతిలో తప్పుతున్నట్లయితే, ఆ తప్పును కొలవవచ్చు. కొలిచిన తప్పును లెక్కలోంచి తీసివేయవచ్చు. ఈ రెండు పనులూ చేసేదే సాఫ్ట్‌వేరు. అందుకు కావలసిన గణితం బి.ఎస్సీ.లో మనం చదువుకునే త్రికోణమితిని మించి పెద్దగా లేదు.

గురి అంటే ఎంత?

కోణాలను డిగ్రీలలో కొలుస్తామని మనకు తెలుసు. డిగ్రీలో 60వ భాగం ఆర్క్ నిమిషం, అందులో 60వ భాగం ఆర్క్ సెకండు. మన పంచాంగాలలో వీటినే కళ, వికళ అంటారు. చిన్న మాటలు కాబట్టి నేనూ వాటినే వాడుతాను. పున్నమి చంద్రుడి వెడల్పు సుమారు 30 కళలు. ఇక వికళ ఎంత చిన్నదంటే, రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు గల నాణేన్ని 5 కిలోమీటర్ల దూరంలో పెట్టి చూస్తే అది మన కంటి దగ్గర చేసే కోణం సుమారు ఒక వికళ.

కళాశాలల్లో సాధారణంగా కనిపించే ఎనిమిది అంగుళాల టెలిస్కోపునే తీసుకుందాం. దాని నాభ్యంతరం 2000 మిల్లీమీటర్లు. అందులో 25 మిల్లీమీటర్ల కంటి కటకం పెడితే 80 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. మామూలు కటకమైతే ఆకాశంలో సుమారు 37 కళల వెడల్పు గల గుండ్రటి ముక్క మాత్రమే మనకు దొరుకుతుంది. కటకం తీసి 6 మిల్లీమీటర్ల చిప్పు ఉన్న చిన్న కెమెరా తగిలిస్తే ఆ ముక్క 10 కళలకు తగ్గిపోతుంది. అంటే మధ్య నుంచి అటు 5, ఇటు 5 కళలు. గురి 6 కళలు తప్పితే వస్తువు కెమెరాలో పడదు.

చంద్రుడిని, శుక్రుడిని చూసేవారికి ఈ బాధ లేదు. కనబడే వస్తువును చేత్తోనైనా వెతుక్కోవచ్చు. నెప్ట్యూన్ మామూలు కంటికి ఆనదు. టెలిస్కోపులో కూడా దాని బిళ్ల 2 వికళలకు కాస్త పైన మాత్రమే ఉంటుంది, పక్కనున్న నక్షత్రాల మధ్య మరో చుక్కలాగే కనిపిస్తుంది. అటువంటి చోట గురి నమ్మకంగా లేకపోతే చూసింది నెప్ట్యూనా, వేరే నక్షత్రమా అన్నది కూడా చెప్పలేం.

తప్పు ఎన్ని దారుల్లో వస్తుంది?

వీటిని మూడు రకాలుగా విడదీసుకుంటే సులువుగా అర్థమవుతుంది.

మొదటి రకం ఆకాశం వైపు నుంచి వచ్చేవి. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరుగుతుండడం వల్ల నక్షత్రాల అంకెలు ఏడాదికి సుమారు 50 వికళల చొప్పున జరుగుతాయి. పట్టికలు ఎక్కువగా 2000 సంవత్సరానికి లెక్కగట్టి ఉంటాయి. 25 ఏళ్లకు ఈ జరుగుడు సుమారు 21 కళలు అవుతుంది. ఇక గాలి వక్రీభవనం ఒకటి. నడినెత్తిన అది సున్న, 45 డిగ్రీల ఎత్తులో సుమారు ఒక కళ, 10 డిగ్రీల ఎత్తులో 5 కళలు, దిగంతం దగ్గర 34 కళలు. ఇవన్నీ సూత్రాలతో ముందే తెలిసినవి కాబట్టి సాఫ్ట్‌వేరు వాటిని ఎవరినీ అడగకుండా తానే కలుపుకొంటుంది.

రెండవ రకం మనం ఇచ్చే సమాచారంలో వచ్చేవి. టెలిస్కోపు మనల్ని తేదీ, సమయం, ఊరి అక్షాంశ రేఖాంశాలు అడుగుతుంది. ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి గడియారం నాలుగు నిమిషాలు తప్పితే గురి ఒక డిగ్రీ తప్పుతుంది. మన ప్రామాణిక కాలం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానికి చెందినది. హైదరాబాదు సుమారు 78½ డిగ్రీల దగ్గరుంది. అంటే మన స్థానిక కాలం గడియారం కంటే 16 నిమిషాలు వెనుక. రేఖాంశం సరిగా ఇస్తే ఈ తేడాను యంత్రమే చూసుకుంటుంది. అయిదున్నర గంటల కాలమండలానికి బదులు అయిదు అని ఇస్తే మాత్రం ఏడున్నర డిగ్రీలు పోతాయి. అమెరికా పద్ధతిలో నెల ముందు, తేదీ తరువాత రాయాలి. ఆగస్టు 5 అన్నది మే 8గా పడిందంటే ఆకాశమే దాదాపు 88 డిగ్రీలు తిరిగిపోతుంది! డిగ్రీల లెక్కన తప్పుతున్నప్పుడు ముందు చూడవలసింది గేర్లను కాదు, తేదీని.

మూడవ రకం యంత్రం లోపలివి. ఈ వ్యాసానికి అసలు విషయం ఇవే. ధ్రువం వైపు అక్షం పెట్టి తిప్పే టెలిస్కోపులో ముఖ్యమైనవి ఇవి:

1. లెక్క మొదలు దోషం. అంకెల బిళ్ల సున్న దగ్గర మొదలుకావలసింది కొంచెం అటో ఇటో మొదలవుతుంది. రెండు అక్షాలకూ వేర్వేరుగా ఇది ఉంటుంది.

2. గొట్టం పక్కచూపు. గొట్టం చూసే దిక్కు తన అక్షానికి సరిగ్గా లంబంగా ఉండదు.

3. రెండు అక్షాలు ఒకదానికొకటి లంబంగా లేకపోవడం.

4. ధ్రువాక్షం నిజమైన ధ్రువం వైపు చూడకపోవడం. ఇందులో ఎత్తు తప్పు ఒకటి, పక్కకు తిరిగిన తప్పు ఒకటి.

5. గొట్టం బరువుకు వంగడం. నిటారుగా ఉంటే వంగదు, వాలే కొద్దీ వంగుతుంది. నడినెత్తి నుంచి ఎంత కోణం వాలిందో దాని సైన్‌కు అనులోమంగా ఇది పెరుగుతుంది.

6. గేర్ల తప్పులు. 180 పళ్ల చక్రాన్ని తిప్పే వర్మ్ ఒక చుట్టు తిరగడానికి సుమారు 8 నిమిషాలు పడుతుంది. ఆ వర్మ్‌లో ఉన్న లోపం ప్రతి 8 నిమిషాలకూ మళ్లీ కనిపిస్తుంది. ఇది కాక పళ్ల మధ్య ప్లే ఉంటుంది. పాత ట్రాక్టరు స్టీరింగు ఎంత తిప్పినా చక్రం కాసేపు కదలకపోవడం మనలో పల్లెల నుంచి వచ్చినవారందరికీ తెలిసిందే.

పాసంగం

మా ఇంట్లో వడ్లు, పెసలు తూచే పాత త్రాసు ఒకటి ఉంది. దాన్ని ఎత్తగానే ఎవరైనా ముందు చూసేది పాసంగం. ఖాళీ త్రాసును పైకెత్తితే ఒక తట్ట కిందికి, ఒకటి పైకి ఉంటుంది. తేలిపోయిన తట్టకు చిన్న రాయో, ఇనుప ముక్కో కట్టి సమం చేస్తారు. ఆ తరువాతే తూకం మొదలు. త్రాసు చెయ్యడంలో లోపం ఉన్నా, ఆ లోపం ఎంతో తెలిసిన తరువాత తూకం సరిగానే వస్తుంది. పాసంగం చూడని కాటా మీద బస్తాకు కిలో పోయినా రైతుకు తెలియదు.

పాసంగం ఎంతో తేల్చడానికి ఇంకో ఉపాయం కూడా ఉంది. సరుకును ఎడమ తట్టలో ఒకసారి, కుడి తట్టలో ఒకసారి వేసి తూచాలి. రెండు తూకాల సగటు అసలు బరువు. రెండింటి తేడాలో సగం పాసంగం.

సాఫ్ట్‌వేరు టెలిస్కోపుకు చేసేది సరిగ్గా ఇదే. అది ఇనుమును వంచదు, గేరును అరగదీయదు. ఎంత తప్పుందో తెలుసుకొని, గొట్టాన్ని అంత పక్కకు పంపుతుంది. త్రాసుకు ఉండేది ఒక పాసంగం, టెలిస్కోపుకు అరడజనుకు పైగా పాసంగాలు, తేడా అంతే. వాటిని ఒకదాని నుంచి ఒకటి విడదీయడంలోనే తెలివి ఉంది.

మూడు నక్షత్రాల లెక్క

విడదీయడం ఎలాగో ఒక చిన్న ఉదాహరణతో చూద్దాం. ఉత్తర దక్షిణ దిక్కు తప్పును, అంటే క్రాంతిలో తప్పును మాత్రమే తీసుకుందాం. వక్రీభవనం, వంపు ప్రస్తుతానికి లేవనుకుందాం. అప్పుడు మిగిలేవి మూడు: క్రాంతి అక్షం లెక్క మొదలు దోషం, ధ్రువాక్షం ఎత్తు తప్పు, ధ్రువాక్షం పక్క తప్పు.

లెక్క మొదలు దోషం ఆకాశంలో ఏ దిక్కుకు వెళ్లినా మారదు. ఎత్తు తప్పు నడిమింట, అంటే యామ్యోత్తర రేఖ మీద పూర్తిగా కనిపిస్తుంది. అక్కడి నుంచి 6 గంటలు తూర్పుకో పడమరకో జరిగితే సున్న అవుతుంది. పక్క తప్పు దీనికి తిరగేసి ఉంటుంది. నడిమింట సున్న, 6 గంటల దూరాన పూర్తిగా కనిపిస్తుంది, పైగా తూర్పున ఒక గుర్తుతో, పడమర దానికి వ్యతిరేక గుర్తుతో. గణితంలో చెప్పాలంటే ఒకటి స్థిరాంకం, ఒకటి కొసైన్, ఒకటి సైన్.

ఇప్పుడు మూడు నక్షత్రాలు చూశామనుకుందాం. తూర్పున 6 గంటల దూరంలోని నక్షత్రానికి తప్పు −8 కళలు, నడిమింట +5 కళలు, పడమర 6 గంటల దూరాన +12 కళలు వచ్చాయి. తూర్పు పడమరల సగటు: −8, 12 కలిపి సగం చేస్తే 2. ఇది లెక్క మొదలు దోషం. వాటి తేడా 20లో సగం 10. ఇది ధ్రువాక్షం పక్క తప్పు. నడిమింటి 5లోంచి 2 తీసేస్తే 3. ఇది ఎత్తు తప్పు. తట్టలు మార్చి తూచిన లెక్కే ఇది.

ఇక అసలు గమ్మత్తు చూడండి. పడమర 3 గంటల దూరాన ఉన్న మరో వస్తువును చూడాలి. ఆ దిక్కున మనం ఒక్క నక్షత్రాన్ని కూడా కొలవలేదు. అయినా అక్కడ తప్పు ఎంతో చెప్పవచ్చు. 3 గంటలంటే 45 డిగ్రీలు, సైన్, కొసైన్ రెండూ సుమారు 0.707. కాబట్టి తప్పు 2 + 7.07 + 2.12, అంటే సుమారు 11.2 కళలు. కంప్యూటరు ఆ 11.2 కళలను ముందుగానే తీసివేసి మోటార్లకు ఆజ్ఞ ఇస్తుంది. పైన చెప్పిన 10 కళల కెమెరాలో అసలు పడకుండా పోయేది మధ్యలోకి వస్తుంది.

ఎక్కువ నక్షత్రాలు ఎందుకు?

మూడు తెలియని రాశులకు మూడు కొలతలు చాలు కదా, ఇరవై ముప్పై ఎందుకు అని అడగవచ్చు. కారణాలు రెండు.

ఒకటి, ఏ కొలతా ఖచ్చితం కాదు. గాలి వణుకుతుంది, నక్షత్రాన్ని నడిమధ్యకు తెచ్చే చెయ్యీ వణుకుతుంది. కొలతలు ఎక్కువగా తీసుకొని అన్నింటికీ వీలైనంత దగ్గరగా ఉండే విలువలను ఎంచుకోవాలి. మిగిలిపోయిన తేడాల వర్గాల మొత్తం కనిష్ఠం కావాలి. ఇదే కనిష్ఠ వర్గాల పద్ధతి. ఈ పద్ధతి పుట్టుకకూ ఆకాశానికీ సంబంధం ఉంది. 1801 జనవరి 1న పియాజ్జి సెరెస్ అనే చిన్న గ్రహాన్ని కనుక్కొన్నాడు. కొన్ని వారాలకే అది సూర్యకాంతిలో కనుమరుగైంది. ఉన్న కొద్ది కొలతలతో గౌస్ దాని దారిని లెక్కగట్టాడు. ఆ ఏడాది చివర అది మళ్లీ దొరికింది. గౌస్ ఈ పద్ధతిని 1809లో తన గ్రంథంలో వివరించాడు. అంతకు ముందే 1805లో లెజాండ్ర్ దీన్ని ప్రచురించి ఉన్నాడు.

రెండవ కారణం ఇంకా ముఖ్యం. కొన్ని తప్పులు ఒక దిక్కున చూస్తే ఒకే రకంగా కనిపిస్తాయి. తూర్పు పడమర దిక్కు తప్పును తీసుకోండి. లెక్క మొదలు దోషం ఖగోళ మధ్యరేఖ దగ్గర ఎక్కువ, ధ్రువం వైపు వెళ్లే కొద్దీ తగ్గుతుంది. గొట్టం పక్కచూపు ఎక్కడైనా అంతే. అక్షాలు లంబంగా లేని దోషం మధ్యరేఖ దగ్గర సున్న, ధ్రువం వైపు పెరుగుతుంది, దక్షిణానికి వెళితే గుర్తు మారుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. కాని ధ్రువాక్షం పక్కకు తిరిగిన తప్పు కూడా నడిమింట చూస్తే ఈ మూడవదాని లాగే కనిపిస్తుంది. నడిమింట ఎన్ని నక్షత్రాలు చూసినా ఈ రెండూ విడిపడవు. తూర్పుకు, పడమరకు వెళ్లి చూస్తేనే ఏది ఏదో తెలుస్తుంది. అందుకే నక్షత్రాలను ఆకాశమంతా పరచి ఎంచుకోవాలి. డాబా మీద మనకు వీలుగా ఉన్న మూలన ఇరవై చూడడం కంటే నాలుగు దిక్కులా పన్నెండు చూడడం మేలు.

జర్మన్ తరహా నిలువులో, స్తంభానికి రెండు పక్కలా గొట్టం పెట్టి చూడాలి. గొట్టం ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారినప్పుడు పక్కచూపు దోషం గుర్తు మారుతుంది, లెక్క మొదలు దోషం మారదు. ఇదీ తట్టలు మార్చడమే.

పెద్ద టెలిస్కోపుల సంగతి

ఈ పద్ధతి పెద్ద టెలిస్కోపుల దగ్గర పెరిగి చిన్నవాటికి దిగివచ్చింది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్‌లోని సైడింగ్ స్ప్రింగ్ కొండ మీద 3.9 మీటర్ల ఆంగ్లో-ఆస్ట్రేలియన్ టెలిస్కోపును 1974 అక్టోబరు 16న ప్రారంభించారు. కంప్యూటరు అదుపును మొదటి నుంచీ నమ్ముకొని కట్టిన తొలి పెద్ద టెలిస్కోపులలో అది ఒకటి. అంతకు ముందు గురి కుదరాలంటే ఇనుమును ఇంకా బరువుగా, ఇంకా ఖచ్చితంగా చేయడమే దారి అనుకునేవారు. అక్కడ ఇనుము తప్పును కొలిచి లెక్కతో దిద్దే దారి పట్టారు. ఆ పనిలో ఉన్న పాట్రిక్ వాలెస్ తయారు చేసిన టీపాయింట్ అనే సాఫ్ట్‌వేరు తరువాత అనేక వేధశాలలకు వెళ్లింది. ఇప్పుడు ఔత్సాహికులు కూడా కొనుక్కొని వాడుతున్నారు. అందులోని మెళకువ ఏమంటే, ప్రతి పదానికీ ఒక భౌతిక అర్థం ఉంటుంది. ఈ అంకె ధ్రువాక్షానిది, ఈ అంకె గొట్టం వంపుది అని వేలు పెట్టి చూపవచ్చు.

ఆ గురి వల్ల ఏం ఒరిగిందని అడిగేవారికి ఒక్క ఉదాహరణ చాలు. అదే టెలిస్కోపుకు 1990లలో ఒకేసారి 400 వస్తువుల కాంతిని పట్టే పరికరం అమర్చారు. ఒక్కొక్క గాజు పోగు ఆకాశంలో సుమారు 2 వికళల వెడల్పు మాత్రమే చూస్తుంది. వస్తువు అంత సన్నని పోగులో పడకపోతే రాత్రంతా శ్రమ వృథా. 1997 నుంచి 2002 వరకు దానితో రెండు లక్షల ఇరవై వేలకు పైగా గెలాక్సీల దూరాలు కొలిచారు.

చిన్న టెలిస్కోపుల వైపు నుంచి చూస్తే, జపాన్‌కు చెందిన తోషిమి తాకి 1989లో ఒక అమెరికన్ ఖగోళ పత్రికలో, రెండు నక్షత్రాలు చూపితే చాలు, మాత్రికలతో టెలిస్కోపు ఎటు నిలబడి ఉందో లెక్కగట్టే విధానం వివరించాడు. టెలిస్కోపును ఉత్తరానికి పెట్టకపోయినా, మట్టంగా లేకపోయినా ఫరవాలేదన్నమాట. మన సిలబస్‌లోని మాత్రికల పాఠానికి ఇంతకంటే మంచి ప్రయోగం నాకు కనిపించలేదు.

మన దేశంలో లడఖ్‌లోని హాన్లే దగ్గర సుమారు 4500 మీటర్ల ఎత్తున 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు ఉంది. దాన్ని బెంగుళూరు దగ్గర హోసకోటే నుంచి ఉపగ్రహం ద్వారా నడుపుతారు. రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరాన కూర్చున్నవాడు కంటి కటకంలో తొంగిచూసి గొట్టాన్ని అటూ ఇటూ జరపలేడు. అక్కడ గురి సాఫ్ట్‌వేరు చేతుల్లోనే ఉంటుంది.

ఏ పాసంగమైనా చూడాలంటే నమ్మకమైన తూకపు రాళ్లు కావాలి. టెలిస్కోపుకు ఆ తూకపు రాళ్లు నక్షత్ర పట్టికలు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాదులో స్థాపించిన నిజామియా వేధశాల ఆ పనిలో పాలుపంచుకొన్నదని మనలో కొద్దిమందికే తెలుసు. దేశదేశాల వేధశాలలు ఆకాశాన్ని పంచుకొని ఫొటోలు తీసి నక్షత్రాల స్థానాలు కొలిచినప్పుడు, దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీని హైదరాబాదు కొలిచింది. గాజు పలకల మీద చుక్కలను ఒక్కొక్కటిగా కొలిచి రాసిన ఆ పని ఏళ్ల తరబడి సాగింది.

మా డాబా మీద

మా విభాగంలో ఒక కంప్యూటరు టెలిస్కోపు ఉంది. చాలాకాలం అది బీరువాలోనే ఉండేది. "రిపేరు" అని ఒక చీటీ కూడా అంటించి ఉండేది. ఒక సైన్సు ప్రదర్శన సాయంత్రం దాన్ని బయటికి తీశారు. చుట్టుపక్కల పల్లెల హైస్కూళ్ల పిల్లలు వరుసగా నిలబడ్డారు. చంద్రుడు ఆ వేళ లేడు. వీణామండలంలోని ఉంగరపు నీహారికకు పంపితే గొట్టం వెళ్లి ఆగింది. ఒక పాప కన్ను పెట్టి చూసి, "ఏం లేదన్నా, నల్లగుంది" అని పక్కకు తప్పుకొంది. వెనుకవాళ్లు కూడా ఒక్కొక్కరే చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఆ పిల్లలలో చాలామందికి మళ్లీ టెలిస్కోపు దగ్గరికి వచ్చే అవకాశం ఎప్పుడొస్తుందో! గురి అన్నది వికళల లెక్క మాత్రమే కాదని నాకు అప్పుడనిపించింది.

మర్నాడు మా లెక్చరరు గారు మా నలుగురినీ పిలిచి, "పాడైంది అంటే సరిపోదు. ఎటు తప్పుతోంది, ఎంత తప్పుతోంది, రాసుకు రండి" అన్నారు. మేం నాలుగు రాత్రులు డాబా ఎక్కాం. ఇరవై నాలుగు నక్షత్రాలు ఎంచుకొన్నాం. ప్రతిదానికీ గొట్టాన్ని పంపడం, కెమెరాతో ఫొటో తీయడం, అసలు ఎక్కడ చూస్తున్నదో తేల్చడం, నోట్‌బుక్కులో రాయడం. ఫొటోలోని చుక్కలను నాలుగేసి నక్షత్రాల ఆకారాలుగా తీసుకొని పట్టికతో పోల్చి, ఆ ఫొటో ఆకాశంలో ఏ ముక్కదో చెప్పే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతున్నాయి. అందుచేత నక్షత్రాన్ని చేత్తో మధ్యకు తెచ్చే పని కూడా తప్పింది.

అంకెలు వరుసగా రాసి చూస్తే కథ బయటపడింది. క్రాంతిలో తప్పు తూర్పున ఒక గుర్తు, పడమర ఇంకో గుర్తు. అంటే ధ్రువాక్షం పక్కకు తిరిగి ఉంది. మోటారు కాదు, గేరు కాదు. కింది బోల్టులు సడలించి అక్షాన్ని ఉత్తరానికి తిప్పాం. సగానికి పైగా తప్పు అక్కడే పోయింది. మిగిలినది సాఫ్ట్‌వేరుకు అప్పగించాం. ఉచితంగా దొరికే కేస్టార్స్, ఇండీ అనే సాఫ్ట్‌వేర్లతోనే ఈ పనంతా చేయవచ్చు. ఇప్పుడు ఉంగరపు నీహారికను అడిగితే నడిమధ్యన కాకపోయినా కంటి కటకంలో మధ్యకు దగ్గరగానే వస్తుంది. బీరువా మీది చీటీని మా అటెండరు గారే చింపేశారు.

ఈ సంగతి ఫోనులో మా నాన్నకు చెప్పాను. వక్రీభవనం, మాత్రికలు అని ఏదో మొదలుపెట్టి, చివరకు త్రాసుతో పోల్చి చెప్పాను. "పాసంగం చూసుకోకుండ తూకమేస్తె ఎట్లరా? గంత చదువు చదివినోళ్లు మొదలే చూసుకోవద్దా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

సాఫ్ట్‌వేరు చేయలేనిది

ఇంత చెప్పిన తరువాత దాని హద్దు కూడా చెప్పాలి. పాసంగం ఎప్పుడూ ఒకటిగా ఉంటేనే సరిచేయగలం. దండె ఎక్కడో రాసుకుంటూ, ఎత్తిన ప్రతిసారీ ఒక్కో రకంగా వాలే త్రాసుకు ఏ రాయి కట్టినా లాభం లేదు. టెలిస్కోపూ అంతే. అద్దం తన గూటిలో కదులుతున్నా, మూడుకాళ్ల నిలువు మెత్తటి నేలలో దిగుతున్నా, తీగలు ఎక్కడో చిక్కుకొని లాగుతున్నా, మరలు వదులైనా ఆ తప్పు ఈ రోజు ఒకటి, రేపు ఒకటి. అక్కడ కావలసింది స్పానరు, గ్రీజు. పళ్ల ప్లేకు మాత్రం ఒక ఉపాయం ఉంది. ప్రతి వస్తువు దగ్గరికీ చివర్లో ఒకే దిక్కు నుంచి చేరుకోవాలి. అప్పుడు ప్లే ఎప్పుడూ ఒక పక్కకే ఉండి తప్పు నిలకడగా ఉంటుంది, నిలకడగా ఉన్నదాన్ని లెక్క తీసివేస్తుంది.

ఏది ఏ రకం అని ఎలా తెలుస్తుంది? ఒకే నక్షత్రాన్ని రెండు మూడుసార్లు, వేరే చోటికి వెళ్లి వచ్చి మళ్లీ కొలవాలి. ప్రతిసారీ దగ్గర దగ్గర ఒకే అంకె వస్తే అది సాఫ్ట్‌వేరు పని. చెల్లాచెదురుగా వస్తే స్పానరు పని.

ఇంకో ప్రమాదం ఉంది. లెక్కలో పదాలు పెంచే కొద్దీ మిగులు తగ్గుతూనే ఉంటుంది. ఆ తగ్గుదల చూసి మురిసిపోకూడదు. గైడులోని జవాబులు బట్టీపట్టినవాడికి ఆ ప్రశ్నలే వస్తే నూటికి నూరు వస్తాయి, ప్రశ్న మారితే సున్న. అందుకే ఇరవై నాలుగింటిలో ఇరవై నక్షత్రాలతో లెక్కకట్టి, నాలుగింటిని పక్కన పెట్టాలి. లెక్క ఎన్నడూ చూడని ఆ నాలుగింటి మీద కూడా గురి కుదిరితేనే నమూనా నిజమైనదని నమ్మాలి. అర్థం చెప్పలేని పదాన్ని లెక్కలో చేర్చకూడదు.

చివరగా

మన కళాశాలల్లో బీరువాలలో పడి ఉన్న పరికరాలు టెలిస్కోపులు మాత్రమే కావు. గాల్వనామీటరు, స్పెక్ట్రోమీటరు, భౌతిక తులాదండం, ఏదైనా ఒకసారి తప్పు చూపితే "పనికిరాదు" అని పక్కన పెట్టే అలవాటు మనకుంది. పనికిరాదు అనే ముందు ఎంత తప్పుతోందో ఒక కాగితం మీద రాయాలని నా మనవి. ఆ కాగితం మీద అంకెలు వరుసగా ఒక తీరున ఉంటే ఆ పరికరానికి ఇంకా ఆయుష్షు ఉందన్నమాట.

మా టెలిస్కోపు నోట్‌బుక్కు భౌతికశాస్త్ర విభాగంలోనే ఉంది. అందులో ఇంకా చాలా ఖాళీ పేజీలున్నాయి. వానాకాలం పోయి ఆకాశం తేటపడగానే మళ్లీ కొలతలు మొదలుపెడతాం, ఎందుకంటే ఒకసారి బోల్టు విప్పి బిగిస్తే పాసంగం మారిపోతుంది. ఈసారి ఆ హైస్కూళ్ల పిల్లలను మళ్లీ పిలవాలని విద్యార్థి సంఘాన్ని కోరుతున్నాను. రాత్రి పదింటి దాకా మేలుకోగలిగినవారు, అంకెలు నీటుగా రాయగలిగినవారు ఏ గ్రూపువారైనా సరే, డాబా మీదికి రావచ్చు.